జాతుల జవాబుదారీతనం: ఇస్రాయీల్ ప్రవక్తల హెచ్చరికలు

మనిషి తన చేతలకు దేవుని ముందు జవాబు చెప్పుకోవలసి ఉన్నదని ప్రతి ముస్లిమూ విశ్వసిస్తాడు. తీర్పుదినాన ఒకరి బరువు మరొకరు మోయరన్నది దివ్యఖుర్ఆన్ పదే పదే స్పష్టం చేసిన సూత్రం. అయితే వ్యక్తికి ఉన్నట్లే జాతికి కూడా ఒక లెక్క ఉన్నది. ప్రతి సమాజానికీ ఒక గడువు నిర్ణయించబడిందనీ, అది వచ్చినప్పుడు క్షణమైనా అటూ ఇటూ కాదనీ అల్ అఅరాఫ్ సూరా (7:34) తెలుపుతున్నది. వ్యక్తి కర్మలకు పూర్తి ప్రతిఫలం పరలోకంలోనే లభిస్తుంది. జాతుల లెక్కలో మాత్రం కొంత భాగం ఈ లోకంలోనే, చరిత్ర కళ్ళెదుటే తేలిపోతుంది.

ఈ విషయాన్ని గ్రహించడానికి ఇస్రాయీల్ సంతతి చరిత్రను మించిన ఉదాహరణ లేదు. వారు భూమిపై రెండు పర్యాయాలు కల్లోలం రేపడం, రెండుసార్లూ శిక్షకు గురికావడం బనీ ఇస్రాయీల్ సూరా ఆరంభంలో (17:4–8) ప్రస్తావించబడింది. ముఫస్సిర్లలో పలువురు మొదటి శిక్షను బబులోను రాజు బుఖ్తె నస్సర్ దండయాత్రగా, రెండవదాన్ని క్రీ.శ. 70లో రోమనుల చేతిలో జరిగిన విధ్వంసంగా భావించారు.

ఆ శిక్షలకు ముందు హెచ్చరిక రాకుండా పోలేదు. ప్రవక్తలందరి వృత్తాంతాలూ ఖుర్ఆన్‌లో చెప్పబడలేదని ఖుర్ఆనే తెలుపుతున్నది (40:78). యూదుల గ్రంథాలలో కనిపించే ఆమోసు, యిర్మీయా (అరబీలో ఇర్మియా) పేర్లు ఖుర్ఆన్‌లో లేవు. నేడున్న బైబిలులోని ప్రతి మాటా యథాతథమని ముస్లిం పండితులు అంగీకరించరు. అయినా ఆ గ్రంథాలలోని ఏ విషయాలు ఖుర్ఆన్ బోధతో ఏకీభవిస్తాయో వాటిని గుణపాఠంగా స్వీకరించడానికి అభ్యంతరం లేదు.

సంపద నడుమ వినిపించిన గొంతు

సులైమాన్ (అలై) అనంతరం రాజ్యం రెండుగా చీలింది. ఉత్తరాన షోమ్రోను (సమరియా) రాజధానిగా ఇస్రాయీల్ రాజ్యం, దక్షిణాన యెరూషలేము (బైతుల్ మఖ్దిస్) రాజధానిగా యూదా రాజ్యం ఏర్పడ్డాయి. క్రీ.పూ. 8వ శతాబ్ది మధ్యలో, రెండవ యరొబాము పాలనలో ఉత్తర రాజ్యం మంచి సంపదతో తులతూగుతున్నది. సరిహద్దులు విస్తరించాయి. ధనికుల ఇళ్ళు ఏనుగు దంతపు పనితనంతో మెరిశాయి. షోమ్రోనులో 1930లలో జరిగిన త్రవ్వకాలలో అటువంటి దంతపు చెక్కడాలు ఎన్నో బయటపడ్డాయి.

ఆ రోజులలో దక్షిణాన తెకోవ గ్రామానికి చెందిన ఆమోసు అనే గొర్రెల కాపరి ఉత్తరాన బేతేలు ఆరాధనా స్థలానికి వచ్చి నిలబడ్డాడు. దమస్కు, గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు మొదలైన పొరుగు జాతుల నేరాలతో అతని ప్రసంగం మొదలవుతుంది. జనాన్ని చెరపట్టి అమ్మడం, గర్భిణులను వధించడం వంటి దారుణాలను అతడు ఒక్కొక్కటిగా ఎత్తి చూపాడు. వినేవారికి అంతవరకు ఇంపుగానే ఉండి ఉంటుంది. ఆ తరువాత అతడు యూదా వైపు, చివరకు ఇస్రాయీల్ వైపు తిరిగాడు. వారి నేరాల చిట్టాలో యుద్ధాలు లేవు. ఉన్నవి నిత్యజీవితంలోని అన్యాయాలు: ఒక జత చెప్పుల కోసం పేదవాణ్ణి అమ్మివేయడం, తూనికలలో మోసం, గోధుమలలో తాలు కలిపి అమ్మడం, న్యాయస్థానంలో లంచం. షుఐబ్ (అలై) తన జాతిని మందలించింది కూడా కొలతలలో, తూనికలలో మోసం గురించే కావడం గమనార్హం.

ఆమోసు బోధలో ఇంకొక కీలకాంశం ఉన్నది. దేవుడు తమను ప్రత్యేకంగా ఎన్నుకున్నాడు కనుక తమకు భయం లేదని జనం ధీమాగా ఉన్నారు. ఎన్నుకోబడినందువల్లనే లెక్క మరింత కఠినంగా ఉంటుందని ఆమోసు తేల్చి చెప్పాడు. ఇతర జాతులను కూడా ఒక చోటి నుండి మరొక చోటికి నడిపించింది ఆ దేవుడేనని గుర్తు చేశాడు. ఈ మాటలు మతపెద్దలకు రుచించలేదు. నీ దేశానికి వెళ్ళి అక్కడే పొట్టపోసుకొమ్మని బేతేలు యాజకుడు అతణ్ణి గద్దించాడు. అర్ధశతాబ్దం తిరగకముందే, క్రీ.పూ. 722లో, అష్షూరు సైన్యం చేతిలో షోమ్రోను పతనమైంది. ఇరవై ఏడు వేలకు పైగా జనాన్ని తరలించుకుపోయినట్లు అష్షూరు రాజు సర్గోను శాసనాలు చెబుతున్నాయి.

ఆలయం ఉన్నదన్న ధీమా

ఉత్తర రాజ్యం గతి చూసి కూడా దక్షిణాదివారు మేల్కొనలేదు. తమ నడుమ సులైమాన్ (అలై) కట్టించిన ఆలయం ఉన్నది కనుక నగరానికి హాని జరగదని వారు నమ్మారు. ఇర్మియా ఆ ఆలయ ద్వారం వద్దనే నిలబడి ఆ నమ్మకాన్ని ఖండించాడు. పరదేశినీ, అనాథనూ, వితంతువునూ పీడిస్తూ ఆలయం పేరు జపించడం నిష్ఫలమని ప్రకటించాడు. రాజు యెహోయాకీమును కూడా విడిచిపెట్టలేదు. కూలి చెల్లించకుండా పనిచేయించి భవనం కట్టుకోవడం రాజధర్మం కాదనీ, పేదలకు న్యాయం చేయడమే దేవుణ్ణి ఎరగడమనీ ముఖం మీదనే చెప్పాడు.

చివరి రాజు సిద్కియా కాలంలో బబులోను సైన్యం నగరాన్ని ముట్టడించింది. అప్పుడు రాజూ, ప్రజలూ దేవుని ఎదుట ప్రమాణం చేసి, తమ దగ్గరున్న బానిసలకు స్వేచ్ఛ ఇచ్చారు. ఏడవ ఏట స్వజాతి బానిసలను విడిచిపెట్టాలన్న ధర్మశాస్త్ర ఆదేశాన్ని వారు ఎంతోకాలంగా ఉపేక్షించి ఉన్నారు. ఇంతలో ఈజిప్టు సైన్యం బయలుదేరడంతో బబులోనువారు ముట్టడి సడలించారు. ఆపద గడిచిందనుకోగానే యజమానులు ఆ బానిసలను తిరిగి పట్టుకున్నారు. ఆపదలో చేసిన తౌబా ఆపదతోపాటే తొలగిపోయింది. క్రీ.పూ. 587 లేక 586లో నగరం పతనమై, ఆలయం దగ్ధమైంది. సిద్కియా కళ్ళు పెరికి, సంకెళ్ళతో బబులోనుకు తీసుకుపోయారు.

తప్పించుకున్న జాతి

హెచ్చరిక లక్ష్యం వినాశనం కాదు. యూనుస్ (అలై) జాతి వృత్తాంతమే ఇందుకు నిదర్శనం. శిక్ష ముంచుకొస్తుండగా విశ్వసించి ప్రయోజనం పొందిన జాతి అదొక్కటేనని యూనుస్ సూరా (10:98) తెలుపుతున్నది. ఇస్రాయీల్ సంతతికి చెందని ఆ జనం విని బ్రతికారు. ప్రవక్తల వారసులమని చెప్పుకున్నవారు వినక నష్టపోయారు.

గుణపాఠం ఎవరికి?

ఈ చరిత్రను నేటి యూదులను దూషించడానికి వాడుకోవడం దాని ఉద్దేశాన్నే తారుమారు చేయడం అవుతుంది. ఆ ప్రవక్తలు వేలెత్తి చూపింది ముందుగా తమ జాతినే. చేదంతా బనీ ఇస్రాయీల్‌కూ తీపంతా తమకూ అనుకునే ముస్లింలను హజ్రత్ హుజైఫా (రజి) మందలించినట్లు తఫ్సీర్ గ్రంథాలలో ఉన్నది. మీ ఆశలూ గ్రంథవహుల ఆశలూ తీర్పుకు ఆధారం కావని, చెడు చేసినవారికి దాని ఫలితం తప్పదని అన్నిసా సూరా (4:123) ముస్లింలనే ఉద్దేశించి హెచ్చరిస్తున్నది. మఖ్జూమ్ తెగకు చెందిన స్త్రీ దొంగతనం చేసినప్పుడు, ఆమెను విడిచిపెట్టాలని సిఫారసు వచ్చింది. పూర్వ జాతులు నాశనమైంది గొప్పవారిని విడిచి బలహీనులను శిక్షించినందువల్లనేనని దైవప్రవక్త (సల్లం) ఆ సందర్భంలో స్పష్టం చేశారు.

మస్జిదులు కళకళలాడుతూ ఉండడం సంతోషకరమే. కాని యెరూషలేము ఆలయంలో కూడా చివరి దాకా ఆరాధన సాగుతూనే ఉన్నది. కూలివాడి కూలి చెమట ఆరకముందే అందుతున్నదా? అనాథ ఆస్తి భద్రంగా ఉన్నదా? అంగడిలో త్రాసు సరిగా తూగుతున్నదా? తప్పు చేసినవాడు తనవాడే అయినప్పుడు వారించే నాలుక సమాజంలో ఉన్నదా? చెడు నుండి ఒకరినొకరు వారించుకోనందుకే బనీ ఇస్రాయీల్‌లోని అవిశ్వాసులు దావూద్ (అలై), ఈసా (అలై)ల నోట శపించబడ్డారని అల్ మాయిదా సూరా (5:78–79) తెలుపుతున్నది. గడువు ఇంకా మిగిలి ఉన్న సమాజం ఈ ప్రశ్నలకు ఈనాడే సమాధానం వెతుక్కోవాలి.