చర్మ క్యాన్సర్‌కు నడుములో సూది ఎందుకు?

"నడుములో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయటగా సిస్టర్‌గారూ?" అని నల్లపాడు చుట్టుపక్కల నుంచి వచ్చేవారు అడుగుతుంటారు. పడిపోవు. పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. సూది దానికి దిగువన గుచ్చుతారు.

చర్మ క్యాన్సర్ ఉన్న అందరికీ ఈ పరీక్ష అక్కరలేదు. మెలనోమా అనే రకం మనవారిలో తరచు అరికాలిలో నల్లమచ్చగా మొదలవుతుంది. మిరప చేలో ముల్లు గుచ్చుకుందిలే అని వదిలేస్తారు! అది మెదడు పొరలకు పాకిందని అనుమానమొస్తే, అంటే తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసక ఉంటే, ముందు స్కానింగ్ చేసి, ఆ తర్వాత వెన్నునీటిలో క్యాన్సర్ కణాలున్నాయేమో చూస్తారు.

తీసేది సుమారు 10 మి.లీ. మాత్రమే. శరీరం రోజుకు 500 మి.లీ. దాకా తయారుచేసుకుంటుంది. మొదటిసారి కణాలు కనబడకపోతే మళ్లీ తీయవలసి రావచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ఇంటికి వెళ్లాక జ్వరం గాని, కాళ్ల తిమ్మిరి గాని వస్తే వెంటనే రండి.