క్రొత్త కంప్యూటరులోని పాత కాపురస్థులు

ఏనుమాముల మార్కెట్టులో పత్తి అమ్మిన సొమ్ముతో కుమారునకో, కుమార్తెకో కంప్యూటరు కొనిపెట్టు తల్లిదండ్రులు వరంగల్లు ప్రాంతమున నేడు తక్కువగా లేరు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా వెలసి 2002లో నిట్‌గా మారిన విద్యాలయము, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయము గల ఈ పట్టణమున విద్యార్థికి ఆ యంత్రము పలక వంటిది. అట్టి యంత్రమును హనుమకొండ దుకాణమునుండి తెచ్చి మీట నొక్కినంతనే తెరపై ఏవేవో ప్రకటనలు, అడుగని ఆటలు, రక్షణ గడువు త్వరలో ముగియునన్న హెచ్చరికలు కనిపించును. కొన్నవారు వీనిని కోరలేదు. మరి ఇవి లోని కెట్లు ప్రవేశించినవి?

ఇల్లు కట్టి అమ్మువాడొకడు, అమ్మకమునకు ముందే రెండు గదులలో ఎవరినో దింపి, వారి అద్దె తాను పుచ్చుకొని, పిమ్మట ఆ ఇంటిని మనకు అమ్మినట్లు ఊహింపుడు. కంప్యూటర్ల తయారీదారులలో పెక్కుమంది పద్ధతి ఇదియే. యంత్రముపై వారికి మిగులు లాభము స్వల్పము. కావున యాంటీవైరస్ అమ్మువారు, ఆటలు అమ్మువారు తమ సాఫ్ట్‌వేరును ముందుగానే అందు నిలుపుటకు వారికి సొమ్ము చెల్లింతురు. కొన్నాళ్ళు ఉచితముగా వాడించి, పిదప అలవాటుచేతనో భయముచేతనో మనచే చందా కట్టించుకొనుట వారి ఆశ. దీనికి బ్లోట్‌వేర్ అని పేరు. ఉబ్బరపు సరకు అని మనము చెప్పుకొనవచ్చును. 2008లో సోనీ సంస్థ కొన్ని ల్యాప్‌టాపులలో ఈ సరకును తీసివేసి యిచ్చుటకు 50 డాలర్లు అదనముగా అడిగినది. చెత్త వేసినవారే ఊడ్పు కూలి అడిగినట్లున్న ఈ బేరమును జనులు ఎగతాళి చేయగా, వెంటనే ఆ రుసుమును మానుకొన్నది.

స్థలము తినుట, వేగము తగ్గించుట మాత్రమే దీని దోషమైనచో ఇంత చెప్పనక్కరలేదు. 2014లో లెనోవో సంస్థ కొన్ని ల్యాప్‌టాపులలో సూపర్‌ఫిష్ అను ప్రకటనల సాఫ్ట్‌వేరును చేర్చి అమ్మినది. మనము బ్యాంకు పుటను తెరచునపుడు, అది నిజముగా ఆ బ్యాంకుదే అని యంత్రము ఒక ముద్రను చూచి నమ్మును. సూపర్‌ఫిష్ తన సొంత ముద్రను యంత్రముచే నమ్మించి, దారిలోనే ఉత్తరమును విప్పి, ప్రకటన చొప్పించి, మరల అంటించి పంపెడిది. అంతకన్న ఘోరమేమనగా, ఆ యంత్రములన్నిటను తాళపుచెవి ఒక్కటియే. 2015 ఫిబ్రవరిలో ఒక పరిశోధకుడు దాని సంకేతపదమును ఛేదించి వెల్లడించెను. ఇక ఒకే వైఫైని పంచుకొను హాస్టలులో పొరుగువాడైనను బ్యాంకు వేషము కట్టగలడు! లెనోవో దానిని తొలగించు సాధనమును విడుదల చేసినది. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2017లో రాజీ కుదుర్చుకొన్నది.

ఇక కర్తవ్యమేమి? విండోస్ యంత్రమైనచో సెట్టింగ్స్‌లో యాప్స్ అను భాగమును తెరచి, అందున్న పేర్లను నిదానముగా చదువుడు. ఆటలు, కొనుగోలు ప్రకటనలు, గడువుగల యాంటీవైరస్, వీనిని అన్‌ఇన్‌స్టాల్ చేయవచ్చును. యాంటీవైరస్ తీసివేసినచో యంత్రము దిక్కులేనిదగునని పలువురు భయపడుదురు. ఆ భయమునకు హేతువు లేదు. విండోస్‌తో వచ్చు డిఫెండర్ దానంతట అది మేల్కొనును. ఆఫీస్ గడువు తీరినచో చందా కట్టుటకు ముందు కళాశాల ఇచ్చునేమో విచారింపుడు. లేనిచో లిబ్రె ఆఫీస్ ఉచితము.

పత్తిచేనిలో కలుపుతోపాటు మొక్కను పెరుకరాదు గదా. తెర, ధ్వని, వైఫై మొదలగువానిని నడపు డ్రైవర్లను కదల్పకుడు. పేరు అర్థము కానిదానిని తొలగించుటకు ముందు తెలిసినవారి నడుగుట మేలు. యంత్రమును శుభ్రపరతునని చెప్పుకొను ఉచిత సాఫ్ట్‌వేరులలో కొన్ని తామే ఉబ్బరపు సరకు.

సమూలముగా తొలగింపదలచువారు, ముఖ్యమైన ఫైళ్ళను వేరొక చోట భద్రపరచి, మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటునుండి విండోస్‌ను పెన్‌డ్రైవునకు దింపుకొని మరల స్థాపింపవచ్చును. విండోస్‌తో అమ్మబడిన నేటి యంత్రములలో లైసెన్సు సంఖ్య లోపలనే ఉండును గాన మరల కొననక్కరలేదు. తయారీదారు ఇచ్చిన రీసెట్‌ను వాడినచో మాత్రము పాత కాపురస్థులు తిరిగి రావచ్చును. 2015లోనే లెనోవో కొన్ని నమూనాలలో, విండోస్‌ను క్రొత్తగా స్థాపించినను తన సాఫ్ట్‌వేరు తిరిగి చేరునట్లు ఫర్మ్‌వేరులోనే ఏర్పాటు చేసినట్లు బయటపడి, సవరణ నీయవలసివచ్చినది. పునాదిలో తాళపుచెవి దాచుకొన్న కాపురస్థుని వలెనన్నమాట.

లినక్స్ మరియొక మార్గము. దానిని తెలుగువారికి తెచ్చుటకు హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కృషి చేసినది. దానికి కొంత ఓపిక కావలెను. విండోస్ లేక ఫ్రీడాస్‌తో తక్కువ ధరకు వచ్చు యంత్రములు కూడ కలవు. వీనిలో దొంగప్రతి విండోస్ వేసి యిచ్చు దుకాణదారు మేలు చేసినట్లే తోచును. కాని ఆ ప్రతిలో ఎవరు ఏమి చేర్చిరో ఎవ్వరికి తెలియదు. అది తయారీదారు పెట్టినదానికన్న ప్రమాదకరము. కావున విండోస్ లైసెన్సు ధరలో చేరినదో లేదో కొనునపుడే అడిగి, బిల్లుపై వ్రాయించుకొనుడు.