దారి మారింది... మీ కారులో మ్యాప్ మారిందా?

పక్క రాష్ట్రంలో గృహప్రవేశానికైనా, రెండు గంటల దూరంలోని గుడికైనా బయల్దేరే ముందు మనం చేసే మొదటి పని కారులో చిరునామా కొట్టడం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెనక సీట్లో కూర్చుని "ఎవర్నీ అడక్కుండానే ఎలా వెళ్ళిపోతున్నార్రా!" అని ముచ్చటపడుతుంటారు. నిజానికి మనమూ అడుగుతూనే ఉన్నాం. కాకపోతే అడుగుతున్నది సెంటర్‌లోని కిళ్ళీకొట్టు అతన్ని కాదు, ఎప్పుడో ఎవరో తయారుచేసిపెట్టిన డిజిటల్ మ్యాప్‌ని. ఆ "ఎప్పుడో" దగ్గరే ఉంది చిక్కంతా.

జీపీఎస్ చెప్పేది సగమే

దారి చూపించేది జీపీఎస్సే అని చాలామంది అనుకుంటారు. ఉపగ్రహాల సంకేతాల వల్ల తెలిసేది మనం ఎక్కడున్నామన్నది మాత్రమే. అక్కడ రోడ్డుందా, అది వన్‌వేనా, ఎడమకి తిరగనిస్తారా, స్పీడ్ లిమిట్ ఎంత అన్నవన్నీ మ్యాప్ చెప్పాల్సినవే. 1985లో కాలిఫోర్నియాకి చెందిన ఈటాక్ సంస్థ కారు నావిగేటర్‌ని అమ్మకానికి తెచ్చినప్పుడు దానికి జీపీఎస్ లేనే లేదు. చక్రాలు ఎంత తిరిగాయో, కారు ఏ దిక్కుకి మళ్ళిందో లెక్కకట్టి, క్యాసెట్ టేపుల్లో నింపిన మ్యాప్‌తో సరిచూసుకునేది. మొదటినుంచీ అసలు సరుకు మ్యాపే!

రోడ్డు కదలకపోయినా...

మ్యాప్ పాతబడటానికి కొత్త రోడ్డు పడనక్కర్లేదు. మసాచుసెట్స్‌లో 2020 అక్టోబరు నుంచి 2021 వరకు హైవే ఎగ్జిట్ల నంబర్లను మైళ్ళ లెక్కకు మార్చారు. రోడ్లు ఉన్నచోటే ఉన్నాయి, పాత డీవీడీలున్న కార్లు మాత్రం బోర్డు మీద లేని నంబర్లు చదివాయి.

ఒక్కోసారి మార్పు ఇంకా వేగంగా వస్తుంది. 2023 జూన్ 11న ఫిలడెల్ఫియాలో ట్యాంకర్‌కి మంటలంటుకుని ఐ-95 వంతెన ఒక భాగం కూలిపోయింది. తాత్కాలిక రోడ్డు వేసి జూన్ 23న మళ్ళీ తెరిచారు. పన్నెండు రోజుల్లో మ్యాప్ రెండుసార్లు మారాలి. ఏడాదికోసారి వచ్చే డిస్క్‌కి ఈ రెండూ తెలియవు.

కారు దాకా వచ్చేసరికి

మ్యాప్ సంస్థలకు సమాచారం చాలా వైపులనుంచి వస్తుంది: రాష్ట్ర, కౌంటీ రవాణాశాఖలు, కెమెరాలు మోసుకుతిరిగే సర్వే కార్లు, ఉపగ్రహ చిత్రాలు, వాడేవాళ్ళ ఫిర్యాదులు. ఫోన్లు, కార్లు పంపే జాడలు మరో ఆధారం. మ్యాప్‌లో ఖాళీగా ఉన్నచోట వందల కార్లు బారులు తీరి వెళ్తుంటే అక్కడ కొత్త రోడ్డు పడిందన్నమాట. ఈ పనిలో మనవాళ్ళ చెయ్యీ ఉంది. 2016 మేలో ఆపిల్ సంస్థ మ్యాప్స్ పనికోసమే హైదరాబాదులో కార్యాలయం తెరిచింది, 4,000 దాకా ఉద్యోగాలొస్తాయని అప్పట్లో ప్రకటించింది.

వచ్చిన సమాచారాన్ని ఎవరో సరిచూడాలి. ఆపైన కారు కంపెనీ తన పరికరానికి తగ్గట్టు మలచి, పరీక్షించి, డిస్క్‌గానో, కార్డుగానో, నేరుగా గాలిలోనో పంపాలి. ఒక్కో మెట్టు దగ్గర కొంత ఆలస్యం. పైగా 2022లో 3జీ నెట్‌వర్కులు మూతపడటంతో, వాటి మీదే ఆధారపడ్డ చాలా పాత కార్లకు ఆన్‌లైన్ సేవలు ఆగిపోయాయి.

ప్రాణాల మీదకి వస్తే

2015 మార్చిలో ఇండియానాలోని ఈస్ట్ షికాగోలో, 2009 నుంచీ మూసి ఉన్న వంతెన మీదకి ఒక కారు వెళ్ళి కిందపడింది, నడుపుతున్నాయన భార్య చనిపోయారు. ఆయన జీపీఎస్ చూస్తూ నడిపారని, అడ్డంగా పెట్టిన హెచ్చరికలను దాటి వెళ్ళారని పోలీసులు చెప్పారు. 2022 సెప్టెంబరులో నార్త్ కరొలైనాలోని హికరీలో, 2013లోనే కూలిన వంతెన దగ్గర రాత్రిపూట మరొకరు బలయ్యారు. అక్కడ అడ్డుకట్టలు కూడా లేవు. ఆ వంతెన లేదని స్థానికులు ముందే మ్యాప్ సంస్థకు తెలియజేశారని కుటుంబం దావాలో పేర్కొంది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, వరదకు కొంతభాగం కొట్టుకుపోయిన వంతెన మీద నుంచి కారు పడి ముగ్గురు మరణించారు.

ఇప్పుడు మ్యాప్ బాధ్యత ఇంకా పెరిగింది. 2017లో జనరల్ మోటార్స్ తెచ్చిన సూపర్ క్రూజ్, ముందుగా లేజర్‌తో కొలిచి మ్యాప్ చేసిన హైవేల మీదే చేతులు వదిలి నడపనిస్తుంది. దారి చెప్పే మ్యాపే, స్టీరింగ్ తిప్పడంలోనూ పాలుపంచుకుంటోందన్నమాట.

మనం చేయగలిగినవి

• కారు సెట్టింగుల్లో మ్యాప్ ఏ సంవత్సరానిదో చూడండి. ఆయిల్ మార్పించడానికి వెళ్ళినప్పుడు అప్‌డేట్ ఉందేమో డీలర్‌ని అడగండి. డబ్బు కట్టేముందు ఆ కూర్పు ఎప్పటిదో కనుక్కోండి.

• నేషనల్ పార్కుల్లాంటి చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. బయల్దేరే ముందే ఆ ప్రాంతపు మ్యాప్‌ని ఫోన్‌లోకి దింపుకోండి.

• తప్పు కనబడితే ఇల్లు చేరాక రెండు నిమిషాలు వెచ్చించి తెలియజేయండి. వంతెన, రోడ్డు మూత అయితే కౌంటీకి కూడా చెప్పండి.

• బోర్డుకీ తెరకీ తేడా వస్తే బోర్డునే నమ్మండి. ఇక్కడికొచ్చి కారు నడిపే పెద్దవాళ్ళకు ఈ ముక్క ముందే చెప్పండి.

• కొత్త సబ్‌డివిజన్‌లో ఇల్లు కొన్నవాళ్ళు మీ వీధి మ్యాప్‌లోకి ఎక్కిందో లేదో చూసుకోండి. లేకపోతే ఇవాళే తెలియజేయండి. అది ఎక్కేదాకా ఆహ్వానపత్రిక మీద చిరునామాతోపాటు దగ్గర్లోని పెద్ద కూడలి పేరు, అక్కడినుంచి ఎటు తిరగాలో రెండు ముక్కలు రాయండి. సత్యనారాయణ వ్రతానికి వచ్చే చుట్టాలు మొక్కజొన్న చేలో తేలకుండా ఉంటారు!