సాగర గర్భంలో రంగులు మాయం!

ఎరుపును మింగేస్తున్న నీరు.. వెలుగుతోనే విరుగుడు

విశాఖపట్నం: ఋషికొండ తీరంలో స్కూబా డైవింగ్ చేసి వచ్చిన పర్యాటకులకు ఆనందంతో పాటు చిన్న నిరాశ కూడా మిగులుతుంటుంది. నీటి అడుగున కళ్లారా చూసిన చేపలు, రాళ్లను అంటిపెట్టుకున్న జీవులు తీరా వీడియోలో చూసుకుంటే నీలి, ఆకుపచ్చ మసకలో కలిసిపోయి ఉంటాయి. వేసుకున్న ఎర్ర చొక్కా సైతం నల్లగా కనిపిస్తుంది. అండమాన్, లక్షద్వీప్ వెళ్లి వచ్చిన వారిదీ ఇదే అనుభవం. ఇందులో కెమెరా లోపం లేదు. రంగులను నీరే మింగేసింది. వాటిలో కొన్నింటిని తిరిగి రాబట్టవచ్చు. అయితే ఏ మేరకు అన్నది చాలావరకు నీటిలో ఉండగానే తేలిపోతుంది.

ఎందుకిలా..?

సూర్యకాంతిలోని రంగులన్నింటినీ నీరు ఒకే తీరుగా సాగనివ్వదు. స్వచ్ఛమైన నీటిలో ఎర్రని కాంతి మీటరు ప్రయాణించేసరికి సుమారు 30 శాతం నశిస్తుంది. 5 మీటర్లు దాటేసరికి ఆరో వంతు, 10 మీటర్లకు నూటికి మూడు వంతులు మాత్రమే మిగులుతుంది. అదే 10 మీటర్ల లోతుకు నీలి కాంతి నూటికి 90 వంతులు చేరుతుంది. ఎరుపు తర్వాత నారింజ, ఆపై పసుపు వరుసగా క్షీణిస్తాయి. లోతున గాయమైతే కారే రక్తం ఎర్రగా కాక ఆకుపచ్చగా తోచడానికి కారణం ఇదే.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. లెక్క లోతుతో ముగిసిపోదు. ఉపరితలం నుంచి చేప వరకు దిగిన కాంతి, చేప నుంచి కెమెరాకూ నీటిలోనే ప్రయాణించాలి. 10 మీటర్ల లోతున 5 మీటర్ల దూరం నుంచి తీస్తే ఎరుపు దాటవలసిన నీరు 15 మీటర్లన్న మాట. నీట మునిగి ఉన్నంతసేపూ మన మెదడు ఈ నీలి ఛాయను కొంత సర్దుకుంటుంది. కెమెరా అంతగా సర్దుకోదు. అందుకే కంటికి బాగున్న దృశ్యం తెరపై వెలవెలబోతుంది.

తూర్పు తీరంలో మరో చిక్కు ఉంది. నదులు తెచ్చే ఒండ్రు, నీటిలో తేలే సూక్ష్మమైన నాచు నీలి కాంతిని సైతం హరిస్తాయి. ఫలితంగా తీరానికి దగ్గరి నీరు నీలంగా కాక ఆకుపచ్చగా ఉంటుంది. లక్షద్వీప్ నీటికి సరిపోయే సవరణ ఇక్కడ సరిపోకపోవచ్చు.

వెలుగు మోసుకెళ్లాల్సిందే

ఈ సమస్య కొత్తది కాదు. 1926లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో విలియం లాంగ్లీ, చార్లెస్ మార్టిన్‌లు నీటి అడుగున తొలి రంగుల ఛాయాచిత్రాలు తీశారు. అందుకోసం నీటిపై తెప్పలో మెగ్నీషియం పొడిని మండించి మెరుపు సృష్టించారు. ఆ చిత్రాలు 1927 జనవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వెలువడ్డాయి. పొడి స్థానంలో ఫ్లాష్, వీడియో లైట్లు వచ్చాయి గానీ సూత్రం మారలేదు. తెల్లని వెలుగును చేప పక్కకే తీసుకెళితే ఎరుపు ప్రయాణించాల్సిన దూరం తగ్గుతుంది. చేతిలో పట్టుకునే చిన్న లైటు మీటరు దూరంలోపే పనిచేస్తుందన్నది గుర్తుంచుకోవాలి. దాన్ని కెమెరాకు ఆనించి కాక, పక్కకు జరిపి పట్టుకోవాలి. లేకుంటే నీటిలోని ప్రతి నలుసూ మెరిసి చిత్రం నిండా మంచు కురిసినట్లుంటుంది.

కెమెరాకు తగిలించే ఎర్ర ఫిల్టరుపై అపోహ ఎక్కువ. అది ఎరుపును చేర్చదు. నీలం, ఆకుపచ్చలను తగ్గించి సమతూకం తెస్తుందంతే. ఆ మేరకు చిత్రానికి అందే వెలుగూ తగ్గుతుంది. నీలి నీటికి ఎర్ర ఫిల్టరు, ఆకుపచ్చ నీటికి మెజెంటా ఫిల్టరు వాడతారు. పైకి రాగానే, లైటు వేయగానే తీసేయాలి. వైట్ బ్యాలెన్స్‌ను చేత్తో సరిచేసే వీలున్న కెమెరాలో తెల్లని పలక చూపించి, లోతు మారిన ప్రతిసారీ మళ్లీ సరిచూసుకోవాలి.

తీరానికి వచ్చాక..

కంప్యూటరులో చేసేది ప్రధానంగా ఎరుపును పెంచడమే. ఒక బిందువులో నీలం విలువ 150 ఉన్నచోట ఎరుపు 10 మాత్రమే ఉందనుకుందాం. దాన్ని 15 రెట్లు పెంచితే లెక్క సరిపోతుంది. కానీ ఆ పదిలో దాగిన దోషం కూడా 15 రెట్లవుతుంది. చర్మంపై ఎర్రని మచ్చలు, నీటిలో గులాబీ చారలు అలా పుట్టేవే. ఎరుపు పూర్తిగా సున్నా అయిన చోట ఎన్ని రెట్లు పెంచినా సున్నాయే. అక్కడ సాఫ్ట్‌వేర్ చూపేది ఊహించిన రంగు. ఫొటోలను రా ఫైలుగా తీసుకుంటే సవరణకు ఎక్కువ వెసులుబాటు ఉంటుంది.

మొదటిసారి దిగేవారికి కెమెరా బాధ్యత వద్దు. ఊపిరి, సమతౌల్యంపైనే దృష్టి ఉండాలి. చిత్రీకరణ సాధారణంగా శిక్షకులే చూసుకుంటారు. ముందుగా వారి వద్ద ఫిల్టరు, లైటు ఉన్నాయా అని అడగాలి. చివర్లో అసలు ఫైలు తీసుకోవాలి. వాట్సాప్‌లో వీడియోగా వచ్చే కాపీ కుదించుకుపోయి ఉంటుంది. అందులో సవరించడానికి మిగిలేది స్వల్పమే.

అందం ఒకటి.. ఆధారం ఒకటి

ఇంటి ఆల్బమ్ కోసమైతే రంగు కాస్త అటూ ఇటూ అయినా నష్టం లేదు. పగడాల విషయంలో అలా కుదరదు. వేడి నీటికి పగడం తనలోని నాచును కోల్పోయి తెల్లబడుతుంది. పాలిపోయిందా, లేదా అన్నది రంగును బట్టే తేల్చాలి. అత్యుత్సాహంతో సవరించిన చిత్రంలో తెల్లబడిన పగడానికి గులాబీ ఛాయ రావచ్చు. ఆరోగ్యంగా ఉన్నదీ పాలిపోయినట్లు కనిపించవచ్చు. ఇందుకే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన కోరల్‌వాచ్ బృందం రంగుల పట్టికను రూపొందించింది. దాన్ని పగడం పక్కనే పట్టుకుని పోల్చి చూస్తారు. పట్టిక మీదా, పగడం మీదా పడేది ఒకే కాంతి గనుక పోలిక చెడదు.

2019లో డేర్యా అక్కాయ్‌నాక్, తాలి ట్రైబిట్జ్ అనే పరిశోధకులు సీ-త్రూ అనే పద్ధతిని వెల్లడించారు. చిత్రంలోని ప్రతి బిందువూ కెమెరాకు ఎంత దూరంలో ఉందో లెక్కించి, ఆ మేరకే నీటి ప్రభావాన్ని తొలగించడం దీని ప్రత్యేకత. దగ్గరి చేపకు, దూరపు రాతికి ఒకే సవరణ వర్తింపజేసే మామూలు పద్ధతికి ఇది భిన్నం. దూరం తెలియాలంటే ఒకే దృశ్యాన్ని పలు కోణాల నుంచి తీసి ఉండాలి. సరదా కోసం ఒక్కసారి క్లిక్‌మనిపించిన ఫొటోకు ఆ అవకాశం దాదాపు ఉండదు. పగడాలు, సముద్ర జీవుల చిత్రాలను పరిశోధకులకు పంపదలచిన వారు సవరించిన దానితో పాటు అసలు ఫైలును, తీసిన లోతును, తేదీని కూడా జతచేయాలి.