ఆదిలక్ష్మి అలక

కనుమ నాడు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. నరసింహస్వామి పల్లకీ నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలు తిరుగుతుంది. చెంచులక్ష్మిని మనువాడిన స్వామి చెంచులకు అల్లుడు. తన కల్యాణానికి అత్తింటివారిని పిలవడానికే వస్తాడని అక్కడివారి నమ్మకం.

మరి స్వామి మొదటి భార్య ఆదిలక్ష్మి? జానపద కథల్లో ఆమె ఊరుకోదు, సవతిని మాటకు మాట నిలదీస్తుంది. ఆమె బాధను దాచకుండా చెప్పడమే ఆ కథల గొప్పతనం.

అలాంటి బాధ మెదడులోనూ కనిపిస్తుంది. 2010లో మానవశాస్త్రవేత్త హెలెన్ ఫిషర్ బృందం, ప్రేమించినవారు కాదని వెళ్లిపోయినా మరవలేకపోతున్న 15 మందికి ఆ ప్రేమించినవారి ఫొటోలు చూపిస్తూ మెదడు స్కాన్ తీసింది. వ్యసనంలో మేల్కొనే భాగాలే వాళ్లలోనూ మేల్కొన్నాయి. అర్ధరాత్రి పాత మనిషి వాట్సాప్ డీపీని పదేపదే తెరిచి చూసేవాళ్లకు ‘మర్చిపో’ అన్న ఒక్క మాట అందుకే సరిపోదు.

ఆ బాధ భరించలేనప్పుడు నంద్యాల నుంచైనా, నల్లమల అంచు పల్లె నుంచైనా 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ కౌన్సెలర్లు తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.