కౌమార విద్యార్థుల భావోద్వేగ నియంత్రణలో చిత్రకళ, ఎరుక సాధన

కోపం, భయం, దిగులు, సిగ్గు, అసూయ వంటి భావోద్వేగాలను గుర్తించి, తమకు గాని ఇతరులకు గాని హాని కలుగని రీతిలో వాటిని సంబాళించుకోవడం పిల్లలు నేర్చుకోవలసిన ముఖ్యమైన విద్యలలో ఒకటి. 6 నుండి 8వ తరగతి వరకు చదివే, సుమారు 11 నుండి 14 సంవత్సరాల వయసు గల విద్యార్థులకు ఈ విద్య నేర్పడానికి అనేక దేశాలలోని పాఠశాలలు చిత్రకళను, మైండ్‌ఫుల్‌నెస్ అనే ఎరుక సాధనను ఉపయోగిస్తున్నాయి. ఎరుక సాధన అనగా ప్రస్తుత క్షణంలో తన శ్వాసను, శరీరాన్ని, ఆలోచనలను మంచి చెడ్డల తీర్పు చెప్పకుండా గమనించడం. ఈ రెండు పద్ధతుల వలన కలిగే మేలుతో పాటు వాటి పరిమితులు కూడా పరిశోధనలలో వెల్లడయ్యాయి.

భావోద్వేగ నియంత్రణ

నియంత్రణ అనే మాటకు ఇక్కడ అణచివేయడం అని అర్థం కాదు. ఏడుపు దిగమింగుకొని కూర్చున్న పిల్లవాడు తన దుఃఖాన్ని నియంత్రించుకున్నట్లు కాదు, దాచుకున్నట్లు మాత్రమే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గ్రాస్ 1998లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం భావోద్వేగాన్ని ఐదు దశలలో ప్రభావితం చేయవచ్చు.

1. సందర్భాన్ని ఎంచుకోవడం: తనను వెక్కిరించే గుంపునకు దూరంగా కూర్చోవడం.
2. సందర్భాన్ని మార్చడం: అర్థం కాని లెక్కను ఉపాధ్యాయుని అడిగి తెలుసుకోవడం.
3. ధ్యాసను మళ్ళించడం: పరీక్ష గదిలో భయం నుండి శ్వాస మీదికి దృష్టి తేవడం.
4. ఆలోచనను మార్చడం: "నేను మొద్దును" అనే తలపును "ఈ పాఠం ఇంకా రాలేదు" అని సరిదిద్దుకోవడం.
5. స్పందనను మార్చడం: కోపం వచ్చిన తరువాత చేయి ఎత్తకుండా, మాటలతో లేదా గీతలతో దానిని వెల్లడించడం.

ఎరుక సాధన ముఖ్యంగా మూడవ దశకు, చిత్రకళ మూడవ, ఐదవ దశలకు తోడ్పడతాయి.

ఈ వయసు ప్రత్యేకత

యౌవనారంభంలో శరీరంలోని హార్మోనుల మార్పులతో పాటు మెదడులో కూడా మార్పులు జరుగుతాయి. భావావేశాలకు, ప్రమాద సూచనలకు త్వరగా స్పందించే అమిగ్డలా వంటి భాగాలు ఈ వయసులో చురుకుగా ఉంటాయి. ముందువెనుకలు ఆలోచించి నిర్ణయం తీసుకోవడానికి అవసరమైన ముందరి మెదడు భాగం పూర్తిగా పరిణతి చెందడానికి సుమారు 25 సంవత్సరాల వయసు వరకు పడుతుంది. తోటివారు తమను గూర్చి ఏమనుకుంటారో అనే తలపు కూడా ఈ వయసులోనే బలపడుతుంది. అందువలన చిన్న మాటకే భగ్గుమనడం, చిన్న అవమానానికే కుంగిపోవడం ఈ వయసు పిల్లలలో తరచుగా కనిపిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 10-19 సంవత్సరాల వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక ఆరోగ్య సమస్య ఉంది.

చిత్రలేఖనం విషయంలో కూడా ఇది ఒక మలుపు. కళావిద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రచురించిన గ్రంథంలో పిల్లల బొమ్మల వికాసాన్ని దశలుగా విభజించాడు. అతని వర్గీకరణ ప్రకారం సుమారు 9 నుండి 12 సంవత్సరాల మధ్య పిల్లలు తాము గీసిన బొమ్మ నిజమైన వస్తువును పోలి ఉండాలని కోరుకోవడం మొదలుపెడతారు. 12 దాటిన తరువాత తమ పనిని తామే కఠినంగా విమర్శించుకుంటారు. రెండవ తరగతిలో గోడల నిండా బొమ్మలు గీసిన పిల్లలే ఏడవ తరగతికి వచ్చేసరికి "నాకు బొమ్మలు రావు" అనడానికి కారణం ఇదే. కనుక ఈ వయసు వారి కోసం ఏర్పరచే కళా కార్యక్రమాలలో పోలిక కుదరవలసిన అవసరం లేని పనులు, అనగా రంగుల మచ్చలు, గీతల అల్లికలు, చింపిన కాగితాల అతుకుబొమ్మలు, బంకమట్టి పని వంటివి ఎక్కువగా ఉంటాయి.

చరిత్ర

చిత్రకళ

పిల్లల బొమ్మలకు స్వతంత్రమైన విలువ ఉన్నదని గుర్తించిన తొలి ఉపాధ్యాయులలో ఆస్ట్రియాకు చెందిన ఫ్రాంజ్ చిజెక్ ఒకడు. అతడు 1897లో వియన్నాలో పిల్లల కోసం చిత్రకళా తరగతులు ప్రారంభించాడు. "ఆర్ట్ థెరపీ" అనే పదాన్ని 1942లో బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ వాడుకలోకి తెచ్చాడు. క్షయ వ్యాధితో శానిటోరియంలో ఉన్న కాలంలో బొమ్మలు గీయడం తనకు, తోటి రోగులకు ఊరట నిచ్చిన అనుభవమే ఇందుకు ఆధారం. అమెరికాలో మార్గరెట్ నామ్‌బర్గ్, ఈడిత్ క్రేమర్ ఈ రంగాన్ని అభివృద్ధి చేశారు.

ఈ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగిన వ్యక్తి ఫ్రీడెల్ డికర్-బ్రాండైస్. 1898లో వియన్నాలో జన్మించిన ఈమె జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో చదివింది. 1942 డిసెంబరులో నాజీలు ఈమెను తెరెజిన్ నిర్బంధ స్థావరానికి పంపారు. అక్కడ తల్లిదండ్రుల నుండి వేరుపడి, ఆకలితో, భయంతో బ్రతుకుతున్న పిల్లలకు ఈమె రహస్యంగా చిత్రకళ నేర్పింది. దొరికిన చిత్తు కాగితాల మీదనే పాఠాలు సాగాయి. పిల్లలు తమ బొమ్మల మీద తమ పేర్లు వ్రాసేలా చూసింది. 1944 అక్టోబరులో ఈమెను ఆష్విట్జ్ స్థావరానికి తరలించి చంపివేశారు. వెళ్ళే ముందు రెండు పెట్టెలలో దాచి ఉంచిన సుమారు 4,500 బొమ్మలు యుద్ధానంతరం బయటపడ్డాయి. అవి ప్రస్తుతం ప్రాగ్ నగరంలోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. వాటిని గీసిన పిల్లలలో చాలామంది ప్రాణాలతో మిగలలేదు. ఈడిత్ క్రేమర్ ఈమె శిష్యురాలే. 1938లో అమెరికా చేరిన క్రేమర్, న్యూయార్క్ రాష్ట్రంలో కష్టాలలో పెరిగిన బాలుర కోసం నడిచిన ఒక పాఠశాలలో పనిచేసి, ఆ అనుభవాలతో 1958లో ఒక గ్రంథం వెలువరించింది.

ఎరుక సాధన

ఎరుక సాధనకు మూలం బౌద్ధ సంప్రదాయం. పాళీ భాషలోని "సతి" (సంస్కృతంలో "స్మృతి") అనే పదాన్ని 1881లో టి.డబ్ల్యు. రీస్ డేవిడ్స్ ఆంగ్లంలోకి మైండ్‌ఫుల్‌నెస్ అని అనువదించాడు. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మాసచూసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగుల కోసం మతంతో సంబంధం లేని 8 వారాల శిక్షణగా దీనిని రూపొందించాడు. తరువాత ఇది పాఠశాలలకు వ్యాపించింది. బ్రిటన్‌లో 2009లో ప్రారంభమైన "మైండ్‌ఫుల్‌నెస్ ఇన్ స్కూల్స్ ప్రాజెక్ట్" 11 సంవత్సరాలు దాటిన విద్యార్థుల కోసం పాఠ్యక్రమాన్ని తయారు చేసింది.

తరగతి గదిలో అమలు

సాధారణంగా ఒక పీరియడు మూడు భాగాలుగా సాగుతుంది. మొదటి ఐదు నిమిషాలు శ్వాస లేదా శబ్దం మీద ధ్యాస, తరువాత ఇరవై ఐదు నిమిషాలు కళా కార్యక్రమం, చివరి పది నిమిషాలు ఇష్టమైనవారు తమ అనుభవం చెప్పుకోవడం. ఎక్కువగా వాడే కార్యక్రమాలు ఇవి:

* శ్వాస గీత: ఊపిరి పీల్చేటప్పుడు పెన్సిలును పైకి, వదిలేటప్పుడు క్రిందికి కదిలిస్తూ ఒకే గీతను కాగితం చివరి వరకు గీస్తారు. గీత మొదట ఎగుడుదిగుడుగా ఉన్నా, శ్వాస నెమ్మదించిన కొద్దీ అలల వలె సాగుతుంది. తన శ్వాసలోని మార్పును పిల్లవాడు కంటితో చూడగలగడం దీనిలోని సౌలభ్యం.
* ఆకును చూడడం: ఒక ఆకును మూడు నిమిషాలు పరిశీలించి, కాగితం వైపు చూడకుండా దాని అంచును గీస్తారు. ఎవరి బొమ్మ కూడా ఆకువలె రాదు కనుక పోలిక గురించిన సిగ్గు ఉండదు.
* శరీర పటం: మనిషి ఆకారపు గీతలో, కోపం వచ్చినప్పుడు శరీరంలో ఎక్కడ ఏమి తోస్తుందో రంగులతో గుర్తిస్తారు. బిగుసుకున్న పిడికిలి, వేడెక్కిన చెవులు, గుండె దడ వంటివి ముందుగా గుర్తు పట్టగలిగితే కోపం మితిమీరక ముందే జాగ్రత్త పడవచ్చు.
* భావాల పేర్లు: "బాగోలేదు" అనే ఒక్క మాటకు బదులు ఉక్రోషం, బెంగ, చిరాకు, చిన్నబుచ్చుకోవడం వంటి పదాలను ఉపయోగించడం నేర్పి, ఒక్కొక్క దానికి తమకు తోచిన రంగును ఎంచుకోమంటారు.
* వలయ చిత్రాలు: మండలం అనే వలయాకార అమరికలకు రంగులు వేస్తారు. తెలుగు పిల్లలకు చుక్కల ముగ్గులు, మెలిక ముగ్గులు సుపరిచితాలు. చుక్కలు లెక్కతప్పకుండా పెట్టి, గీతను తెంపకుండా వాటి చుట్టూ తిప్పడానికి నిలకడైన ధ్యాస అవసరం. సుద్దముక్క, నల్లబల్ల ఉంటే చాలు కనుక ఖర్చు కూడా లేదు.

పరిశోధనలు

భావానికి పేరు పెట్టడం వలన కలిగే ఫలితాన్ని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో పరీక్షించింది. ఎదుటి ముఖంలోని భావాన్ని మాటలలో చెప్పినప్పుడు అమిగ్డలా స్పందన తగ్గినట్లు మెదడు చిత్రాలలో కనిపించింది.

2005లో కర్రీ, కాసర్ అనే పరిశోధకులు 84 మంది కళాశాల విద్యార్థులపై జరిపిన అధ్యయనంలో, తెల్ల కాగితం మీద ఇష్టం వచ్చినట్లు రంగులు వేసినవారి కంటే మండలానికి గాని, గళ్ళ అమరికకు గాని రంగులు వేసినవారిలో ఆందోళన ఎక్కువగా తగ్గింది. అయితే 2015లో కెనడాలో 4 నుండి 6వ తరగతి పిల్లలపై జరిగిన అధ్యయనంలో, పరీక్షకు ముందు మండలానికి రంగులు వేసిన పిల్లలలోను, స్వేచ్ఛగా బొమ్మలు గీసిన పిల్లలలోను ఆందోళన తగ్గింది.

జెన్నిఫర్ డ్రేక్, ఎలెన్ విన్నర్ 2013లో ప్రకటించిన ఫలితాలు సాధారణ నమ్మకానికి భిన్నమైనవి. 6 నుండి 12 సంవత్సరాల పిల్లలను ఒక బాధాకరమైన సంఘటనను తలచుకోమన్న తరువాత, ఆ సంఘటననే బొమ్మగా గీసినవారి కంటే దానితో సంబంధం లేని బొమ్మ గీసినవారి మనఃస్థితి ఎక్కువగా మెరుగుపడింది. అనగా తక్షణ ఉపశమనం "బాధను వెళ్ళగక్కడం" కంటే ధ్యాస మళ్ళడం వలననే ఎక్కువగా కలుగుతున్నది.

భావోద్వేగ విద్యా కార్యక్రమాలన్నిటినీ కలిపి చూస్తే, జోసెఫ్ డర్లాక్ బృందం 2011లో 213 కార్యక్రమాలను, 2,70,034 మంది విద్యార్థుల వివరాలను సమీక్షించి, ప్రవర్తనతో పాటు చదువులో కూడా మెరుగుదల ఉన్నదని తేల్చింది.

మిరియడ్ అధ్యయనం

ఎరుక సాధన విషయంలో అతి పెద్ద పరీక్ష బ్రిటన్‌లో జరిగింది. "మిరియడ్" పేరుతో 85 పాఠశాలలలో, 11-13 సంవత్సరాల వయసు గల 8,000 మందికి పైగా విద్యార్థులపై నిర్వహించిన ఈ అధ్యయనం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి తరగతి మొత్తానికి ఎరుక సాధన నేర్పిన పాఠశాలలలో, మామూలు పద్ధతిలో సామాజిక, భావోద్వేగ విద్య కొనసాగించిన పాఠశాలల కంటే విద్యార్థుల మానసిక ఆరోగ్యం మెరుగైనట్లు ఆధారం లభించలేదు. పిల్లలలో ఎక్కువమంది ఇంటి వద్ద సాధన చేయలేదు. అప్పటికే మానసికంగా ఇబ్బందుల్లో ఉన్న పిల్లలకు ఇది తగినది కాకపోవచ్చునని కూడా పరిశోధకులు హెచ్చరించారు. ఎరుక సాధన నిరుపయోగమని దీని అర్థం కాదు. ఈ వయసు పిల్లలందరికీ ఒకే పాఠాన్ని తప్పనిసరిగా చెప్పినంత మాత్రాన మేలు జరగదని మాత్రం ఇది స్పష్టం చేసింది.

భారతదేశంలో

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 10వ తరగతి వరకు కళావిద్యను తప్పనిసరి చేయాలని సూచించింది. విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం 6-8 తరగతులలో విద్యార్థుల సంఖ్య 100 దాటిన పాఠశాలలో కళావిద్యకు పార్ట్‌టైము బోధకుడు ఉండాలి. ఢిల్లీ ప్రభుత్వం 2018 జూలైలో నర్సరీ నుండి 8వ తరగతి వరకు "హ్యాపీనెస్ కరికులం" ప్రవేశపెట్టింది. దలైలామా దీనిని ప్రారంభించాడు. ఎరుక సాధన, కథలు, కృత్యాలు ఇందులో భాగాలు. దీనికి పరీక్షలు పెట్టలేదు.

ఆంధ్ర ప్రదేశ్‌లో మదనపల్లె సమీపాన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ పాఠశాలలో "అస్తాచల్" అనే ఆచారం ఉంది. సాయంకాలం విద్యార్థులు మౌనంగా కూర్చుని సూర్యాస్తమయాన్ని చూస్తారు.

జాగ్రత్తలు

* బొమ్మలకు మార్కులు వేయకూడదు. పిల్లల అనుమతి లేకుండా వాటిని గోడకు తగిలించకూడదు.
* ఉపాధ్యాయుడు చికిత్సకుడు కాడు. నల్లరంగు వాడినంత మాత్రాన దుఃఖమనీ, ఎరుపు వాడితే కోపమనీ నిర్ణయించడానికి ఆధారం లేదు. "ఈ బొమ్మ గురించి చెబుతావా?" అని అడగడం ఉత్తమం.
* కళ్ళు మూసుకోమని బలవంతం చేయరాదు. భయానక అనుభవాలు కలిగిన పిల్లలకు మౌనం, చీకటి కలవరం కలిగించవచ్చు. వారికి కళ్ళు తెరచి ఉంచుకొనే, లేదా పాల్గొనకుండా ఉండే అవకాశం ఇవ్వాలి.
* ఈ సాధనలను శిక్షగా వాడకూడదు. "అల్లరి చేశావు, వెళ్ళి ఊపిరి గమనించు" అంటే పిల్లలకు సాధన మీదనే ఏవగింపు కలుగుతుంది.
* పిల్లల కోపానికి న్యాయమైన కారణం ఉండవచ్చు. ఆకలి, కులం పేరుతో అవమానం, తోటివారి వేధింపు, దెబ్బలు వంటి వాటికి శ్వాస గమనించడం పరిష్కారం కాదు. ఆ కారణాన్ని తొలగించడం పెద్దల బాధ్యత. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది.
* బొమ్మ ద్వారా గాని, మాటల ద్వారా గాని లైంగిక వేధింపు జరిగినట్లు తెలిస్తే పోక్సో చట్టం (2012) ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి.

వారాల తరబడి దిగులు, నిద్ర, తిండి తగ్గిపోవడం, స్నేహితులకు దూరం కావడం, తనను తాను గాయపరచుకోవడం, చనిపోవాలని ఉన్నదని అనడం వంటి లక్షణాలు కనిపిస్తే కళా కార్యక్రమాలతో సరిపెట్టకుండా వెంటనే వైద్యుల సహాయం తీసుకోవాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ సేవ 14416 నంబరుపై, పిల్లల సహాయ కేంద్రం 1098 నంబరుపై ఉచితంగా లభిస్తాయి.

ఇవి కూడా చూడండి

* కౌమారం
* చిత్రలేఖనం
* ముగ్గు
* ధ్యానం
* జిడ్డు కృష్ణమూర్తి
* విద్యాహక్కు చట్టం