పాత పికప్ డోర్ అద్దం పగిలిందా? మామూలు అద్దం వేయించకండి

సూరత్‌లోని కతర్‌గామ్ వజ్రాల సానకు పేరున్న ప్రాంతం. అక్కడైనా, మరెక్కడైనా పాత పికప్ డోర్ అద్దం పగిలితే కొత్తది దొరకడం కష్టమే. దాంతో ఇంటి కిటికీకి వాడే అద్దాన్నే కోయించి బిగించేద్దామనిపిస్తుంది. ప్రమాదమంతా అక్కడే.

మామూలు అద్దం కత్తుల్లాంటి పెంకులుగా పగులుతుంది. డ్రైవర్ మెడ, ముఖం దాని పక్కనే ఉంటాయి. అందుకే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వది సేఫ్టీ గ్లాస్‌ను తప్పనిసరి చేసింది. పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు రావాలి.

దారులు రెండు. టెంపర్డ్ అద్దం పగిలితే చిన్న చిన్న ముక్కలవుతుంది. కానీ ఒకసారి తయారయ్యాక వజ్రాలు కోసే ఊళ్లోనైనా దాన్ని కోయలేరు. కొలత ప్రకారం ముందే కోసి, తర్వాత టెంపర్ చేయించాలి. లామినేటెడ్‌లో రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. దీన్ని తర్వాతైనా కోయవచ్చు. పాత బండి డోర్ అద్దం బల్లపరుపుగా ఉంటే, అట్టతో నమూనా తీస్తే చాలు. మందం మాత్రం పాతదానితో సరిపోవాలి.

బిగించేముందు డోర్ లోపలి పెంకులన్నీ ఏరేయాలి. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతే వానాకాలంలో తుప్పు ఖాయం. అరిగిన రబ్బరు, ఫెల్ట్ కూడా మార్చాలి. అద్దాన్ని రెండుమూడుసార్లు పైకీ కిందికీ తిప్పి చూశాకే లోపలి ప్యానెల్ మూయాలి.